టేసన్

గూడూరు దాటాక సర్దడం మొదలుపెట్టాను.
తడిసిన నిక్కరు, సగం కొరికిన బిస్కెట్టు,
మూత పోయిన నీళ్ళ సీసా.
భిలాయి నుంచి ఒక పగలూ ఒక రాత్రీ
ఇద్దరినీ ఒకే బెర్తు మీద
అటొక తలా ఇటొక తలా పెట్టి పడుకోబెట్టి
వాళ్ళ కాళ్ళ మధ్య కూర్చునే వచ్చాను.

పెద్దది, తన్మయ, హిందీలో అడిగింది:
అక్కడ అందరూ నీలాగే మాట్లాడతారా?
లేదే, అన్నాను,
నేనే వాళ్ళలా మాట్లాడటం మానేశాను.
దానికి అర్థం కాలేదు. కిటికీ ఊచకి నాలుక ఆనించింది.
ఒక్కటిచ్చాను. ఏడ్చింది.
ఎన్నూరు పొగగొట్టాలు చూపిస్తే
"మన ఊళ్ళోవే" అని ఊరుకుంది.

బేసిన్ బ్రిడ్జి దగ్గర రైలు ఆగింది, ఎప్పటిలాగే.
ముప్పావు గంట.
నల్లనీళ్ళ కాలవ వాసనకి
పిల్లలు ముక్కులు మూసుకున్నారు.
నేను మూసుకోలేదు.
చిన్నప్పుడు ఈ వాసన తగిలితే
సీటు కింద చెప్పులు వెతుక్కునేవాళ్ళం,
ఇల్లొచ్చేసిందని.

వ్యాసర్పాడిలో దేశమ్మత్త ఇల్లు
రెండు గదులు, పదకొండు మంది, ఒక్క ఫ్యాను.
"ఏందే ఇట్లా ఎండిపోయినావు,
బిడ్డలకి ఏం పెడతా ఉండావు ఆడ?"
జవాబు వినకుండానే పాలకి ఎవర్నో తరిమింది.
"నీ పేరేంరా కన్నా?"
ఈశాన్, అన్నాను వాడి బదులు.
"టేసనా?"
ఇల్లంతా నవ్వింది.
పద్దెనిమిది రోజులు వెతికి, అత్తగారితో గొడవపడి
పెట్టుకున్న పేరు.
వాడు కాసేపు ఆలోచించి, తనూ నవ్వాడు.
అప్పట్నించీ ఆ వీధిలో నలుగురు పిల్లలు
వాడి వెనక చొక్కాలు పట్టుకుని
కూ అంటూ రైలు కట్టారు.

మొదటి రాత్రి వాడు పక్కంతా కక్కాడు.
తన్మయ దోమలు కుట్టిన చేతులు చాపి
ఇంటికి పోదాం, ఇంటికి పోదాం అంది.
మూడో రోజు తెల్లారి నాలుగున్నరకి
నీళ్ళ లారీ హారన్ వినగానే
పసుపు బిందె నాది అంటూ అదే ముందు పరిగెత్తింది.

మునిరత్నం అన్న రాలేదు.
రెండు వీధుల అవతలే ఉంటాడు.
అమ్మ ఆస్పత్రి లెక్కల దగ్గర తెగిన మాట,
నాలుగేళ్ళయింది.
వాడి కూతురు మాత్రం వచ్చింది,
టిఫిన్ డబ్బాలో వేపిన వంజరం ముక్కలు,
పిల్లలకంట. లెక్కపెట్టాను.
మూడున్నాయి.
మూడోది చాలాసేపు డబ్బాలోనే ఉంచి
ఎవరూ చూడనప్పుడు తిన్నాను. ఉప్పెక్కువ.
వదినకి ఎప్పుడూ ఉప్పెక్కువే.

వెళ్ళేముందు సాయంత్రం పిల్లలు కనబడలేదు.
వెతికి వెతికి గొంతు పోయి
తిట్టడానికి సిద్ధపడి గుమ్మంలో నిలబడితే
చీకట్లో టపా టపా చప్పుడు చేసుకుంటూ వచ్చారు,
కాళ్ళకి కొత్త చెప్పులు.
"మామ కొన్నాడు" అంది తన్మయ, తెలుగులో.
వంగి వేలితో నొక్కి చూశాను.
మడమ వెనక రెండు వేళ్ళ ఖాళీ.
అన్నకి కొలతలు తెలియక కాదు,
ఆ వీధి చివర చెప్పుల కొట్టు వాడిదే.
"వచ్చే ఏటికి సరిపోతాయిలే" అంది దేశమ్మత్త
పూలు కట్టుకుంటూ, ఎటో చూస్తూ.

తిరుగు రైల్లో టీటీ వచ్చాడు.
ఈ పిల్లాడికి టికెట్ లేదేం? వయసెంత?
నాలుగంటే నమ్మనట్టు, వాణ్ణే అడిగాడు, పేరేమిటని.
"టేసన్."
ఏ స్టేషన్ బాబూ, అన్నాడాయన, నవ్వాపుకుంటూ.
వాడు జవాబు కోసం నా వంక తిరిగాడు.
నేను సీటు కిందకి వంగి ఉన్నాను,
వదులు చెప్పు ఒకటి
జారి ఎటో పోయింది.